పాత కాష్ ఫైళ్లు: తొలగింపవలసిన వారెవరు?

ప్రతి ఉన్నత పాఠశాలలోను ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక టైంటేబులు ఉండును. దాని నకళ్లు ప్రతి తరగతి గోడమీదను అంటింపబడి యుండును. విద్యార్థి గంటగంటకును కార్యాలయమునకు పోయి అడుగనక్కరలేదు. గోడవైపు చూచి తరువాతి పాఠమేదో తెలిసికొనును. ఇది చాల సౌకర్యము. కాని సంవత్సరము మధ్యలో టైంటేబులు మారినదనుకొనుడు. కొత్త కాగితము కార్యాలయములో సిద్ధమైనది. ఎనిమిదవ తరగతి గోడమీది పాత కాగితము మాత్రము అట్లే యున్నది. మరునాడు పిల్లలు లెక్కల గంటకు సాంఘికశాస్త్రపు పుస్తకములు తెత్తురు. తప్పు పిల్లలది కాదు. పాత కాగితమును ఊడదీయు బాధ్యత ఎవరిదో ఎవరును నిర్ణయింపకపోవుటయే అసలు తప్పు.

కంప్యూటర్లలోను, సెల్‌ఫోన్లలోను సరిగా ఇట్టి సమస్యయే యొకటి కలదు. సాఫ్టువేరు తన పని త్వరగా సాగుటకై కొన్ని నకళ్లను దాచుకొనును. వాటిని కాష్ ఫైళ్లందురు. కొత్త వెర్షను వచ్చినప్పుడు పాత వెర్షను దాచిన నకళ్లలో ననేకము పనికిరానివగును. అయినను అవి డిస్కుమీద మిగిలిపోవును. వీటిని శుభ్రపరచుకొమ్మని వాడుకరులకు సలహాలిచ్చు వారు అనేకులు. ఆ సలహా ఎంతవరకు న్యాయమైనది? వాడుకరి చేయవలసిన పనియా యిది, లేక ప్రోగ్రాము వ్రాసినవారు చేయవలసినదా? వివిధ సాఫ్టువేరులలో నేడున్న ఏర్పాట్లను ఈ దృష్టితో పరిశీలించుట అవసరము.

కాష్ అనగా నేమి?

కాష్ అను మాటకు ఫ్రెంచి భాషలో దాచుట యని యర్థము. పలుకుబడిలో నగదుకు వాడు ఇంగ్లీషు మాటను పోలియున్నను దానితో దీనికి సంబంధము లేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన మారిస్ విల్క్స్ అను శాస్త్రజ్ఞుడు 1965లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసములో, పెద్దదియు నెమ్మదియైనదియు నగు జ్ఞాపకశక్తి ప్రక్కన చిన్నదియు వేగవంతమైనదియు నగు జ్ఞాపకశక్తిని ఉంచి, తరచుగా కావలసిన అంశములను అందులో ఉంచవచ్చునని వివరించెను. 1968లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన సిస్టం/360 మోడల్ 85 యంత్రములో ఇట్టి ఏర్పాటు ఉండెను. కాష్ అను పేరు ఆ సందర్భమున పుట్టి వ్యాపించినది.

దీని లాభమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఒక చిత్రమును ఇంటర్నెట్ నుండి తెచ్చుటకు 100 మిల్లీసెకండ్లును, స్వంత డిస్కు నుండి తీయుటకు 1 మిల్లీసెకండును పట్టుననుకొనుడు. వంద పర్యాయములలో తొంబది పర్యాయములు కావలసినది డిస్కు మీదనే దొరికినచో మొత్తము కాలము 90 × 1 + 10 × 100, అనగా 1,090 మిల్లీసెకండ్లు. సగటున ఒక్కొక్క దానికి 10.9 మిల్లీసెకండ్లు పట్టినవి. కాష్ లేనిచో ఒక్కొక్క దానికి 100 పట్టెడివి. వెదకుటకు పట్టు స్వల్పకాలమును విడిచినచో, పని యించుమించు తొమ్మిదిరెట్లు వేగముగా జరిగినది. కావున కాష్ అనునది చెత్త కాదు. అది ఉపయోగకరమైన వస్తువు. తరచుగా దానిని ఊడ్చివేయుమనుట అవివేకము. ఊడ్చిన మరుక్షణమున ప్రతిదానిని మరల దూరము నుండి తేవలసివచ్చును. డేటా ఖర్చు, కాలము, బ్యాటరీ మూడును వ్యర్థమగును.

ఇచట ఒక ముఖ్యమైన భేదమును గమనింపవలెను. యంత్రపు ప్రాసెసరులో నుండు కాష్ పరిమాణము స్థిరము. మోడల్ 85లో అది 16 నుండి 32 కిలోబైట్ల వరకు మాత్రమే. అందులో చోటు నిండినంతనే కొత్త అంశము రావలెనన్న పాత దొకటి పోవలెను. ఏది పోవలెనో నిర్ణయించు నియమమును యంత్ర నిర్మాతలు మొదటనే ఏర్పరచిరి. చాలకాలముగా వాడనిదానిని ముందు తీసివేయుట అట్టి నియమములలో ప్రసిద్ధమైనది. డిస్కు మీది కాష్ అట్లు కాదు. డిస్కు విశాలమైనది, ప్రోగ్రాముకు హద్దు కనబడదు. అందుచేత దాచుటను గూర్చి యోచించిన ప్రోగ్రాము రచయిత తీయుటను గూర్చి యోచింపక విడిచిపెట్టును. ఇరుకైన చోట తప్పనిసరిగా నేర్చిన పాఠము విశాలమైన చోట మరువబడినది. నేటి చిక్కులకు మూలమిదే.

కొత్త వెర్షను వచ్చినప్పుడు జరుగునది

పాత సాఫ్టువేరును తీసి కొత్తది పెట్టినప్పుడు పాత ఫైళ్లు ఏల మిగులును? కారణము సులభమే. సాఫ్టువేరును స్థాపించు సాధనము తాను తెచ్చి పెట్టిన ఫైళ్ల జాబితాను వ్రాసికొని యుంచును. తొలగించునప్పుడు ఆ జాబితాను చూచి వాటినే తొలగించును. కాష్ ఫైళ్లు స్థాపించునాడు వచ్చినవి కావు. ప్రోగ్రాము నడచుచుండగా తానే పుట్టించుకొన్నవి. అవి జాబితాలో ఉండవు. అంతేకాక అవి చాలవరకు వాడుకరి స్వంత ఫోల్డరులో ఉండును. వాడుకరి వస్తువులను ముట్టరాదను మంచి నియమముచేత స్థాపన సాధనము అందులో వేలు పెట్టదు. కొన్ని ప్రోగ్రాములు తమ కాష్ ఫోల్డరు పేరులో వెర్షను సంఖ్యను చేర్చును. కొత్త వెర్షను కొత్త ఫోల్డరును తెరచుకొని పాతదానివైపు చూడనైన చూడదు. పాత ఫోల్డరు అనాథయైపోవును.

దీనివలన కలుగు నష్టములు రెండు. మొదటిది స్థలనష్టము. 200 మెగాబైట్ల ప్యాకేజీ నెలకొక పర్యాయము మారుచుండి ప్రతి ప్రతియు దాచబడుచున్నచో సంవత్సరాంతమున 2,400 మెగాబైట్లగును. పెద్ద కంప్యూటరులో ఇది లెక్కలోనిది కాకపోవచ్చును. ఇంటిల్లిపాదికి ఒకే చిన్న ఫోను ఉన్నచోట, పిల్లవాని పాఠముల వీడియోకు చోటు లేకపోవుటకు ఇట్టి మిగులే కారణము కావచ్చును.

రెండవ నష్టము మొదటిదానికన్న ప్రమాదకరము. అది తప్పు సమాధానము. మార్కులనుండి గ్రేడులను లెక్కించు చిన్న ప్రోగ్రామొకటి ఒక పాఠశాలలో ఉన్నదనుకొనుడు. ఒకసారి లెక్కించిన గ్రేడును అది కాష్‌లో దాచును. మరల అడిగినప్పుడు ఆ విద్యార్థి మార్కులు మారినవో లేవో చూచి, మారనిచో దాచిన గ్రేడునే చూపును. ఇంతవరకు బాగుగనే యున్నది. తరువాత లెక్కించు పద్ధతి మారి కొత్త వెర్షను వచ్చినది. ప్రయోగ పరీక్షల మార్కులను వేరు విధముగా కలుపవలెనని నిర్ణయమైనది. కొత్త ప్రోగ్రాము యథాప్రకారము మార్కులు మారినవా యని చూచును. మారలేదు. కావున పాత పద్ధతిలో లెక్కించిన గ్రేడునే చూపును! ఒక విద్యార్థికి రావలసిన గ్రేడు రాదు. ఎందుకు రాలేదో ఉపాధ్యాయునికిని బోధపడదు. ప్రోగ్రాములో దోషమున్నదా యని వెదకినచో లెక్కించు భాగమంతయు సరిగానే కనబడును. ‘మూలము మారినదా?’ అని అడిగిన ప్రోగ్రాము ‘లెక్కించిన నేను మారితినా?’ అని అడుగకపోవుటయే ఇందలి దోషము.

నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసిన ఫిల్ కార్ల్‌టన్ అను ఇంజనీరు, కంప్యూటరు శాస్త్రములో కష్టమైన సంగతులు రెండే యనియు, అందొకటి కాష్‌లోని దేది చెల్లనిదో నిర్ణయించుట యనియు చెప్పినట్లు ప్రసిద్ధి. రెండవది పేర్లు పెట్టుటయట. హాస్యముగా చెప్పిన మాటయైనను మొదటి భాగము అక్షరాల నిజము.

ప్రమాణములలోని లోటు

లినక్స్ వంటి వ్యవస్థలలో ఏ ఫైలు ఎచట ఉండవలెనో చెప్పు ప్రమాణగ్రంథము ఒకటి కలదు. దానిని ఫైల్‌సిస్టం హయరార్కీ స్టాండర్డ్ అందురు. దాని 3.0 వెర్షను 2015లో వెలువడినది. అందు ‘వార్’ అను డైరెక్టరీలో ‘కాష్’ అను ప్రత్యేక స్థానము నిర్దేశింపబడినది. ఈ భాగములో మెచ్చుకొనదగిన అంశములు రెండు కలవు. కాష్‌లోని ఫైళ్లను తొలగించినను డేటా నష్టము కలుగరాదనుట మొదటిది. నిర్వాహకుడు చేతితో వాటిని తొలగించినను ప్రోగ్రాము తేరుకొని వాటిని మరల పుట్టించుకొనగలిగి యుండవలెననుట రెండవది. కాష్‌కును నిజమైన డేటాకును గల భేదము ఇంత స్పష్టముగా చెప్పబడుట వలన ఎందరికో మేలు కలిగినది. ఈ స్థానమునకు బ్యాకప్ తీయవలెనా వద్దా యని నిర్వాహకుడు నిశ్చింతగా నిర్ణయించుకొనగలడు.

కాని ఎవరు తొలగింపవలెనను ప్రశ్న వచ్చునప్పటికి ఆ గ్రంథము జారిపోవుచున్నది. ప్రోగ్రాము తన పద్ధతిలో తొలగింపవచ్చును, నిర్వాహకుడు తొలగింపవచ్చును, లేక ఇద్దరును తొలగింపవచ్చును అని మాత్రమే చెప్పుచున్నది. ‘వచ్చును’ అను మాటలో అనుమతి కలదు గాని విధి లేదు. ముగ్గురికి అప్పగించిన పని యెవరును చేయరను లోకానుభవము ఇచటను వర్తించును. తొలగించినపుడు తేరుకొనవలెనని ప్రోగ్రామును ఆజ్ఞాపించినవారు, అక్కరలేనిదానిని తొలగింపవలెనని ఆజ్ఞాపింపలేదు. కొత్త వెర్షను వచ్చినపుడు పాత వెర్షను కాష్ గతి యేమి యన్న ప్రశ్న ఇందు లేనేలేదు.

వాడుకరి స్వంత ఫోల్డరును గూర్చి ఎక్స్.డి.జి. బేస్ డైరెక్టరీ స్పెసిఫికేషన్ అను మరియొక ప్రమాణము 2003 నుండి కలదు. అది వాడుకరి కాష్‌కు ప్రత్యేకస్థానము చూపి, అందుండునవి అత్యవసరము కాని ఫైళ్లని నిర్వచించినది. అదే ప్రమాణములో తాత్కాలిక ఫైళ్లకై తరువాత చేర్చిన ‘రన్‌టైం’ డైరెక్టరీ విషయమున నియమములు నిర్దిష్టముగా నున్నవి. వాడుకరి పని ముగించి వెడలినంతనే అది తొలగిపోవలెను. నడుమ ఊడ్పు నుండి కాపాడుకొనదలచిన ఫైలును 6 గంటల కొకసారియైన తాకి యుండవలెను, లేదా దానికి ప్రత్యేకమైన గుర్తు పెట్టవలెను. ఇట్లు ఒక డైరెక్టరీకి గంటల లెక్కతో నియమము వ్రాసినవారు ప్రక్కనున్న కాష్‌కు ఏండ్ల లెక్కతోనైనను గడువు పెట్టలేదు. తెలియక విడిచినారని అనుటకు వీలులేదు. ఒకచోట తెలిసిన సంగతి మరియొకచోట వర్తింపజేయలేదనుటయే న్యాయము.

పైథాన్ భాష నేర్పిన గుణపాఠము

పాఠశాలలలో విద్యార్థులు నేర్చుకొను పైథాన్ భాషలోనే దీనికి చక్కని ఉదాహరణము కలదు. ఒక పైథాన్ ఫైలును మరియొక ప్రోగ్రాము వాడుకొన్నప్పుడు పైథాన్ దానిని బైట్‌కోడ్ అను రూపములోనికి మార్చి, ఆ రూపమును కాష్‌గా దాచును. మరునాడు మరల మార్చనక్కరలేదు. ఈ కాష్ ఫైలు ఆరంభమున పైథాన్ ఒక సంకేతసంఖ్యను వ్రాయును. దానివలన ఏ రకపు బైట్‌కోడో తెలియును. మూల ఫైలు చివరిసారి మారిన సమయమును వ్రాయును, 3.3 వెర్షను నుండి మూల ఫైలు పరిమాణమును కూడ వ్రాయుచున్నది. ఇవి సరిపోలనిచో పాత కాష్‌ను నమ్మక మరల లెక్కించుకొనును. గ్రేడుల ప్రోగ్రాములో లోపించిన ప్రశ్న ఇచట అడుగబడుచున్నది. మూలము మారినదా యనియు, లెక్కించినవాడు మారినాడా యనియు రెండింటిని పైథాన్ విచారించుచున్నది.

అయినను పూర్వపు పైథాన్‌లో రెండు దోషములుండెను. కాష్ ఫైలు మూల ఫైలు ప్రక్కనే ఉండెడిది. ఒకే కంప్యూటరులో రెండు వెర్షనుల పైథాన్ ఉన్నచో ఒకదాని కాష్‌ను రెండవది చెల్లదని తీసివైచి తన దానిని వ్రాసెడిది. తరువాత మొదటిది అట్లే చేసెడిది. రెండవ దోషము మరింత చిత్రమైనది. మూల ఫైలును వాడుకరి తొలగించినను ప్రక్కనున్న కాష్ ఫైలును పైథాన్ స్వీకరించి నడిపెడిది. పేరు మార్చిన లేక తొలగించిన భాగము ఇంకను పనిచేయుచున్నట్లే కనబడెడిది. ఆ ప్రోగ్రామును వేరొక కంప్యూటరులోనికి తీసికొనిపోగా అది ఆగిపోయెడిది. పాత టైంటేబులు ప్రకారము పాఠములు సక్రమముగా సాగుచున్నట్లు తోచుట వంటిదే యిది.

బారీ వార్సా అను ప్రోగ్రామరు ప్రతిపాదన ననుసరించి 2011లో వెలువడిన 3.2 వెర్షనులో ఈ రెండింటిని సవరించిరి. కాష్ ఫైళ్లన్నియు ‘పైకాష్’ అను ప్రత్యేక ఫోల్డరులోనికి పోయినవి. ప్రతి ఫైలు పేరులోను పైథాన్ వెర్షను సంఖ్య చేరినది. మూల ఫైలు లేనిచో ఆ ఫోల్డరులోని కాష్‌ను స్వీకరింపరాదని నియమమేర్పడినది. తప్పు సమాధానముల బెడద ఇంతటితో చాలవరకు తీరినది. ఇది నిశ్చయముగా మెచ్చదగిన సంస్కరణ.

కాని దీనిలోను సగము పనియే జరిగినది. 3.10 వెర్షను 2021లో వచ్చినది, 3.11 వెర్షను 2022లో వచ్చినది. విద్యార్థి కొత్తదానికి మారినప్పుడు అతని స్వంత ఫోల్డరులో 3.10 గుర్తుగల కాష్ ఫైళ్లు అట్లే యుండును. కొత్త పైథాన్ వాటిని చదువదు, చెరుపదు. ఏటేట అక్టోబరులో కొత్త వెర్షను వచ్చు నేటి పద్ధతిలో, పనికిరాని వరుస ఒక్కొక్కటియే పెరుగుచుండును. ఈ ఫైళ్లు చిన్నవి గనుక నష్టము స్వల్పమే. సిద్ధాంతరీత్యా మాత్రము లోటు లోటే. పాతదానిని నమ్మకుండుట యొకటి, పాతదానిని తొలగించుట వేరొకటి. మొదటిదానిని సాధించినవారు రెండవదానిని వాడుకరికి విడిచినారు.

వెంటనే తొలగింపరాదను వాదము

పైథాన్ ఉదాహరణము మరియొక సత్యమును కూడ చూపుచున్నది. ఒకే కంప్యూటరులో రెండు వెర్షనులు పక్కపక్కన నడచుచుండవచ్చును. కొత్తది వచ్చినంతనే పాత కాష్‌ను తుడిచివేసినచో పాతదానిని వాడుచున్నవారికి ఇబ్బంది కలుగును. ఆర్చ్ లినక్స్‌లోని ప్యాక్‌మ్యాన్ అను సాధనము తాను దించుకొన్న ప్యాకేజీలను తనంతట తానెన్నడును తొలగింపదు. కొత్త వెర్షనులో దోషము కనబడినచో ఇంటర్నెట్‌తో పనిలేకుండ పాత వెర్షనుకు మరలిపోవుటకు అవి ఉపకరించును. ఇంటర్నెట్ సరిగా లేని చోట ఇది చిన్న లాభము కాదు. కావున పాతదంతయు చెత్తయే యను వాదము నిలువదు.

అయినను మరలిపోవుటకు ఎన్ని ప్రతులు కావలెను? ఆ వ్యవస్థలోనే ప్యాక్‌కాష్ అను వేరొక సాధనము కలదు. దానిని నడిపినచో ప్రతి ప్యాకేజీకి చివరి 3 వెర్షనులనే యుంచి తక్కినవానిని తొలగించును. పై లెక్క ప్రకారము 2,400 మెగాబైట్లకు బదులు 600 మెగాబైట్లు సరిపోవును, ప్రయోజనమును చెడదు. ఇంత సమంజసమైన నియమము సిద్ధముగా నుండగా దానిని మొదటినుండియు అమలులో నుంచక, తెలిసినవాడు వచ్చి నడుపువరకు ఊరకుండుటయే విమర్శింపదగిన విషయము.

డెబియన్, ఉబుంటు వ్యవస్థలలోని ఆప్ట్ అను సాధనపు చరిత్ర ఈ విషయమున ఆసక్తికరము. ఆప్ట్-గెట్ అను పాత ఆజ్ఞ దించుకొన్న ప్యాకేజీలను దాచియే యుంచును; వాటిని తొలగించుటకు ‘క్లీన్’ అనియు, ఇక దించుకొన వీలులేని పాతవానిని మాత్రమే తొలగించుటకు ‘ఆటోక్లీన్’ అనియు వేరు ఆజ్ఞలు కలవు. 2016లో వచ్చిన 1.2 వెర్షను నుండి ‘ఆప్ట్’ అను కొత్త ఆజ్ఞ ప్యాకేజీని విజయవంతముగా స్థాపించిన పిదప దాని ప్రతిని తానే తొలగించుచున్నది. కావలసినవారు ఆ ప్రతులను ఉంచుకొనుటకు ఏర్పాటు చేసికొనవచ్చును. అప్పటికే వాడుకలో నున్న ఆప్ట్-గెట్ ప్రవర్తనను మాత్రము మార్చలేదు. మాక్ కంప్యూటర్లలో వాడు హోమ్‌బ్రూ సాధనము కూడ 2019లో వెలువడిన 2.0 వెర్షనుతో ఇదే త్రోవ పట్టినది. అప్పటినుండి కొత్త వెర్షను స్థాపించునప్పుడు దాని పాత ఫైళ్లను, 30 దినముల కొకసారి తక్కిన మిగులును తానే శుభ్రపరచుచున్నది. ఈ రెండు మార్పులలోను ఒకే భావము కనబడుచున్నది. తొలగించుట సహజధర్మము, ఉంచుకొనుట ప్రత్యేకమైన కోరిక. ఇదివరకు ఇది తలక్రిందులుగా నుండెడిది.

ఆండ్రాయిడ్ పద్ధతి

ఈ విషయములో మిక్కిలి స్పష్టమైన ఏర్పాటు ఎక్కువమంది చేతులలో నుండు ఆండ్రాయిడ్ ఫోనులో కలదు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 ప్రతి యాప్‌కును ‘కోడ్ కాష్’ అను ప్రత్యేకస్థానము నిచ్చినది. యాప్ నడచునప్పుడు తయారగు కోడ్ నకళ్లను అందు దాచుకొనవచ్చును. దానికొక నియమము కలదు. ఆ యాప్ కొత్త వెర్షనుకు మారినప్పుడును, మొత్తము ఆండ్రాయిడ్ వ్యవస్థయే కొత్త వెర్షనుకు మారినప్పుడును ఆ స్థానములోని ఫైళ్లన్నిటిని వ్యవస్థయే తొలగించును. యాప్ రచయిత మరచినను, వాడుకరి యెరుగకున్నను పాతది మిగులదు. ‘లెక్కించినవాడు మారినాడా?’ అను ప్రశ్నకు వ్యవస్థయే జవాబుదారీ వహించినది.

సాధారణమైన కాష్‌కు వేరొక ఏర్పాటు కలదు. ఫోనులో చోటు తక్కువైనప్పుడు వ్యవస్థ యాప్‌ల కాష్ ఫైళ్లను తొలగింపగలదు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8.0 నుండి ప్రతి యాప్‌కును కొంత వాటా నిర్ణయింపబడుచున్నది. తొలగింపవలసి వచ్చినపుడు వాటా మించిన యాప్‌ల కాష్ ముందుగా పోవును. ప్రాసెసరులోని ఇరుకైన కాష్ నేర్పిన పాఠము ఇచట మరల కనబడుచున్నది. హద్దు వచ్చినది, హద్దుతో కూడ నియమము వచ్చినది.

అట్లని ఈ పద్ధతి నిర్దోషమని చెప్పరాదు. కాష్ అని ప్రకటింపబడిన చోట దాచిన ఫైళ్లకే యీ నియమములు వర్తించును. యాప్ రచయిత తన నకళ్లను కాష్ స్థానములో గాక సాధారణ డేటా స్థానములో పెట్టినచో వ్యవస్థ వాటిని ముట్టదు. ఎంత మంచి నియమమైనను రచయిత సరియైన చోట సరియైన వస్తువును ఉంచినప్పుడే ఫలించును.

శుభ్రపరచు యాప్‌ల సంగతి

నియమము లేని చోట వ్యాపారము ప్రవేశించుట సహజము. ఒక్క తాకుతో చెత్తనంతయు ఊడ్చెదమని చెప్పు ప్రోగ్రాములు పెక్కు వెలసినవి. వీటిలో నున్న ఇబ్బంది యేమనగా, ఒక ప్రోగ్రాము ఫైళ్లలో నేది కాష్, ఏది కాదు అను సంగతి ఆ ప్రోగ్రామునకే బాగుగా తెలియును. బయటివాడు ఫోల్డరు పేరును, ఫైలు వయస్సును చూచి ఊహింపవలసినదే. పాతదైన ప్రతిదియు పనికిరానిది కాదు. విండోస్ కొత్త వెర్షనుకు మారినపుడు పాత వ్యవస్థను ‘విండోస్.ఓల్డ్’ అను ఫోల్డరులో ఉంచి 10 దినముల పిమ్మట తానే తొలగించును. అది చూచుటకు మిగులు చెత్తవలెనే యుండును గాని కాష్ కాదు. ఆ పది దినములలో పాత వ్యవస్థకు మరలిపోవుటకు అదే ఆధారము. తొందరపడి తొలగించినచో ఆ త్రోవ మూసికొనిపోవును.

మరియొక అపాయము కూడ కలదు. ఊడ్చువానికి ఇంటిలోని అన్ని గదుల తాళపుచెవులు ఇయ్యవలెను. 2017లో సీక్లీనర్ అను ప్రసిద్ధమైన శుభ్రపరచు సాధనపు 5.33 వెర్షనులో, తయారీ సంస్థ కంప్యూటర్లలో జొరబడిన దుండగులు హానికరమైన కోడ్‌ను చేర్చిరి. 22.7 లక్షల కంప్యూటర్లకు ఆ వెర్షను చేరినట్లు సంస్థయే ప్రకటించినది. ఆ దోషము తరువాత సవరింపబడినది. కొన్ని మెగాబైట్ల చోటుకై ఇంత అధికారమును మూడవవాని చేతిలో పెట్టవలసి వచ్చుట, మొదటివాడు తన బాధ్యతను నెరవేర్పకపోవుటవలన కలిగిన ఫలము.

కావున ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పదగిన జాగ్రత్తలు కొన్ని కలవు. చోటు చాలనప్పుడు మొదట ఆ ప్రోగ్రాములోనే గల కాష్ తొలగింపు ఏర్పాటును వాడవలెను. ఫోను సెట్టింగులలో కాష్‌ను తొలగించుట, స్టోరేజీని లేక డేటాను తొలగించుట అని రెండు వేరువేరు మీటలుండును. మొదటిదానివలన నకళ్లు పోవును. రెండవదానివలన లాగిన్ వివరములు, సెట్టింగులు, యాప్‌లో దాచికొన్న పాఠములు కూడ పోవును. ఈ భేదము తెలియక రెండవదానిని నొక్కి సంవత్సరపు నోట్సులను పోగొట్టుకొను ప్రమాదము కలదు. ప్రోగ్రామును మూసిన పిదపనే దాని కాష్‌ను తొలగింపవలెను. పేరు తెలియని ఫోల్డరును చేతితో తుడువరాదు.

తుదిమాట

ఇన్ని ఏర్పాట్లను పోల్చిచూడగా తేలు సారాంశమిది. మంచి కాష్‌కు మూడు లక్షణములు ఉండవలెను. ఏ వెర్షను పుట్టించినదో తెలుపు ముద్ర ఉండవలెను; అప్పుడు తప్పు సమాధానము రాదు. గడువో, హద్దో, రెండునో ఉండవలెను. అప్పుడు చోటు వ్యర్థము కాదు. తొలగించు కర్త ఎవరో మొదటనే నిర్ణయమై యుండవలెను. అప్పుడు పని ఒకరిమీద నొకరు నెట్టుకొనరు. పైథాన్‌లో మొదటి లక్షణము సంపూర్ణముగా కలదు, తక్కినవి లేవు. ప్యాక్‌మ్యాన్‌కు హద్దు కలదు గాని అది వాడుకరి దయమీద ఆధారపడినది. ఆండ్రాయిడ్ కోడ్ కాష్‌లో కర్త స్పష్టముగా నున్నాడు. ప్రమాణగ్రంథములు మూడవ లక్షణమును విస్మరించినవి. ఆ లోటును సవరించుట వానికి కష్టమైన పని కాదు. ‘తొలగింపవచ్చును’ అను చోట ‘పుట్టించిన ప్రోగ్రామే తొలగింపవలెను’ అని వ్రాసిన చాలును. ఒకే మందు సీసామీద తయారైన తేదియు, గడువు తేదియు ముద్రించుట అందరును ఎరిగినదే. వెబ్ పేజీల నకళ్లకు సైతము ఎంతకాలము చెల్లునో పుట్టుకతోనే తెలుపు పద్ధతి 1997 నాటి హెచ్.టి.టి.పి. 1.1 ప్రమాణములోనే కలదు. డిస్కుమీది కాష్‌కు మాత్రము అది యేల కూడదు?

ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థులకు ఈ చర్చ దూరపు సంగతి కాదు. ఫలితములను ఫైలులో దాచు చిన్న ప్రోగ్రామును వ్రాయునప్పుడు ఆ ఫైలు మొదటి పంక్తిలో తన వెర్షను సంఖ్యను వ్రాయవచ్చును. తెరచునప్పుడు ఆ సంఖ్యను సరిచూచి, కలియనిచో దానిని తొలగించి మరల లెక్కింపవచ్చును. నాలుగైదు పంక్తుల పని యిది. ఉపాధ్యాయుడు ప్రోగ్రామునకు మార్కులు వేయునప్పుడు సమాధానము సరిగా వచ్చినదా యని చూచుటతోపాటు, పని ముగిసిన పిదప ఏమి మిగిల్చినదో కూడ చూచుట మంచిది. గోడమీద కొత్త టైంటేబులు అంటించువాడే పాతదానిని ఊడదీయవలెనన్నది పిల్లలకు వేరుగ బోధింపనక్కరలేదు. ఆ బుద్ధినే ప్రోగ్రాములోనికి తీసికొనిరావలసి యున్నది.